రెండు యంత్రములు, ఒక మెదడు: స్కిజోఫ్రేనియా పరిశోధనపై ఒక విమర్శ

పుఱ్ఱెను తెరువకుండ, కత్తి తాకింపకుండ, బ్రదికియున్న మనిషి మెదడులో జరుగు పనిని చూడగలుగుట మన కాలపు విజ్ఞానము సాధించిన గొప్ప విజయములలో ఒకటి. ఎఱుపు, పసుపు, నీలము రంగులతో వెలుగు మెదడు చిత్రములు నేడు వార్తాపత్రికలలో తరచుగా కనబడుచున్నవి. ఒక యంత్రముతో తృప్తి చెందక, రెండు మూడు యంత్రములను జోడించి ఒకే మెదడును పరీక్షించు పద్ధతి కూడ వ్యాపించినది. ఈ జోడు చిత్రణమునకు గురియైన వ్యాధులలో స్కిజోఫ్రేనియా అను మనోవ్యాధి ముఖ్యమైనది.

ఈ చిత్రములతోపాటు ఒక ఆశయు జనులలో పెరుగుచున్నది. "ఇక వైద్యుడు గంటలకొలది ప్రశ్నలు వేయనక్కరలేదు, యంత్రములో పడుకొనబెట్టినచో మనోవ్యాధి ఉన్నదో లేదో తేలిపోవును" అనునదే ఆ ఆశ. ఇందులో ఎంత నిజము గలదు? జోడు చిత్రణము నిజముగా ఇచ్చినదేమి? ఇచ్చినదని మనము భ్రమపడుచున్నదేమి? ఈ రెండింటిని వేరుపరచి చూచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

వ్యాధి స్వరూపము

స్కిజోఫ్రేనియా అను పేరును 1908లో స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ పెట్టెను. గ్రీకు భాషలో దీనికి చీలిన మనస్సు అని అర్థము. ఈ పేరును బట్టి ఒకే మనిషిలో ఇద్దరు మనుష్యులుందురని పలువురు అనుకొందురు. అది పొరపాటు. ఆలోచన, భావము, ప్రవర్తన అను వాటి మధ్య ఉండవలసిన పొత్తు చెడుటయే ఆయన ఉద్దేశించిన చీలిక. ఎవరును లేని గదిలో మాటలు వినబడుట, తనను ఎవరో వెంటాడుచున్నారని గట్టిగా నమ్ముట, మాటలలో పొందిక తప్పుట, చదువును స్నేహితులను విడిచి ఒంటరిగా మూలన కూర్చుండుట మున్నగునవి దీని లక్షణములు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము లోకమున సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి గలదు. ఇది ఎక్కువగా పదునెనిమిదవ ఏటికి కొంచెము ఇటునటుగాను, ఇరువదులలోను తలయెత్తును. ఉన్నత పాఠశాలలోని ఉపాధ్యాయుడు తొలి సూచనలను చూడగల స్థానమున ఉండుటకు ఇదియే కారణము. కావున ఈ విషయము వైద్యులకు మాత్రమే చెందినది కాదు.

యంత్రములను జోడించుట ఏల?

మెదడును పరీక్షించు ప్రతి యంత్రమునకును ఒక కన్ను బాగుగా కనబడును. రెండవ కన్ను మసకగా నుండును.

మొదట ఇ.ఇ.జి. యంత్రమును తీసికొందము. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడులోని విద్యుత్తరంగములను తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించెను. తలపై అమర్చిన చిన్న బిళ్లలు సెకనులో వెయ్యవ వంతులో జరుగు మార్పును కూడ పట్టగలవు. కాని ఆ తరంగము లోపల ఏ భాగమున పుట్టినదో అవి సరిగా చెప్పలేవు. కల్యాణమండపము గోడ వెలుపల నిలిచినవానికి మంగళవాద్యములు ఎప్పుడు మ్రోగినవో క్షణము తప్పక తెలియును; వాయించువారు లోపల ఏ మూల కూర్చున్నారో తెలియదు. ఇదియు అట్టిదే.

ఎం.ఆర్.ఐ. యంత్రము ఇందుకు విరుద్ధమైనది. బలమైన అయస్కాంతముతో ఇది మెదడు నిర్మాణమును మిల్లీమీటరు మేరకు చూపును. 1990లో సెయిజి ఒగావా, ఆయన సహచరులు రక్తములోని ప్రాణవాయువు హెచ్చుతగ్గులు ఈ యంత్రమునకు తెలియునని చూపిరి. పని చేయు భాగమునకు రక్తము ఎక్కువగా పోవును గనుక, ఆ రక్తపు జాడను బట్టి ఎచ్చట పని జరుగుచున్నదో ఊహింపవచ్చును. కాని రక్తము ఆలస్యముగా వచ్చును. మెదడు పనిచేసిన అయిదారు సెకనులకు గాని ఈ సంకేతము శిఖరమునకు చేరదు. కాలువలో నీరు పాఱుట చూచి, "ఆ మడిలో నాట్లు పడుచున్నవి" అని ఊహించుట వంటిది ఇది. యంత్రము నీటిని చూచుచున్నది గాని, నాటు వేయుటను చూచుట లేదు.

మూడవది పెట్ యంత్రము. దీనిలో స్వల్పముగా రేడియో ధార్మికత గల పదార్థమును నరములోనికి ఎక్కించెదరు. అది మెదడులో ఏ రసాయనపు తావున చేరునో ఆ తావును యంత్రము చూపును. డోపమిన్ వంటి రసాయనముల సంగతి ఈ విధముగా తెలియును. అయితే దీని చిత్రము మసకగా నుండును. కాలములో కూడ నెమ్మది.

ఒకటి "ఎప్పుడు" అను ప్రశ్నకును, ఒకటి "ఎచ్చట" అను ప్రశ్నకును, ఒకటి "ఏ రసాయనము" అను ప్రశ్నకును జవాబిచ్చునప్పుడు, మూడింటిని కలుపవలెనను ఆలోచన సహజమే. 1993లో ఎం.ఆర్.ఐ. యంత్రములోనే ఇ.ఇ.జి. నమోదు చేయుట సాధ్యమని చూపబడినది. ఆ తరువాత పెట్, ఎం.ఆర్.ఐ.లు ఒకే గొట్టములో ఇమిడిన యంత్రములును వచ్చినవి. ఒకే ఎం.ఆర్.ఐ.తో రెండు విధములైన చిత్రములను తీసి కలుపుటయు కలదు. మెదడులోని నరపు తంత్రుల పటమును ఒకదానిలో తీసి, విశ్రాంతిగా ఉన్నప్పుడు భాగముల మధ్య జరుగు సహకారమును రెండవదానిలో కొలిచెదరు. మొదటిదానిని బట్టి రెండవదానిని అంచనా వేయు గణిత నమూనా నొకదానిని హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.కి చెందిన సూరంపూడి బాపిరాజు గారు, ఆయన సహచరులు 2018లో ప్రకటించిరి. ఇది రోగులపై చేసిన పని కాదు. అయినను స్కిజోఫ్రేనియాలో భాగముల మధ్య పొత్తు చెడునను సిద్ధాంతమును పరీక్షించుటకు ఇట్టి గణితమే ఆధారము.

సాధించిన మేలు

దోషములను ఎంచుటకు ముందు గుణములను ఒప్పుకొనవలెను. 1976లో ఇంగ్లండులో ఈవ్ జాన్‌స్టన్, తిమోతి క్రో, వారి సహచరులు సి.టి. యంత్రముతో 17 మంది దీర్ఘరోగులను పరీక్షించి, వారి మెదడులోని ద్రవపు గదులు ఆరోగ్యవంతులలో కంటె సగటున పెద్దవిగా ఉన్నవని చూపిరి. తల్లి పెంపకము చెడ్డదగుటచే ఈ వ్యాధి వచ్చునని కొందరు పండితులు వాదించుచున్న కాలమది. బిడ్డ జబ్బుతో కుమిలిపోవు తల్లులపై ఆ నింద కూడ పడుచుండెను. మెదడులోనే మార్పు కలదని చూపిన ఆ చిత్రములు ఆ నిందను బలహీనపరచినవి. ఇది చిన్న మేలు కాదు.

పెట్ పరీక్షలు వైద్యమునకు సూటిగా ఉపకరించినవి. ఈ వ్యాధి మందులు డోపమిన్ గ్రాహకములను కప్పివేయుట ద్వారా పని చేయును. గ్రాహకములలో సుమారు 65 శాతము కప్పబడినగాని సాధారణముగా గుణము కనబడదు; 80 శాతమునకు చేరువైనచో చేతుల వణకు, కండరముల బిగువు మొదలగును. ఈ సంగతి తెలిసిన తరువాత, పెద్ద మోతాదులు ఇచ్చినంత మాత్రమున మేలు పెరుగదని రుజువైనది. రోగి వణకుచు బ్రదుకనక్కరలేదని చూపిన విద్య నిజముగా ఉపయోగపడిన విద్య.

ఇ.ఇ.జి. వలన మరియొక సంగతి తెలిసినది. ఒకే ధ్వని పలుమార్లు వినిపించి, నడుమ భిన్నమైన ధ్వని నొకదానిని వినిపించినచో, ఆరోగ్యవంతుని మెదడు ఆ తేడాకు వెంటనే ఒక తరంగముతో బదులిచ్చును. స్కిజోఫ్రేనియా గలవారిలో ఆ తరంగము సగటున చిన్నది. దీనికి ఎం.ఆర్.ఐ.ని జోడించినందువలన, ఆ కొఱత మెదడులో ఏయే భాగములకు చెందినదో వెదకుటకు వీలు కలిగినది.

ఈ మూడు ఫలితములలో రెండింట "సగటున" అను మాట వచ్చినది. ఆ మాటలోనే అసలు చిక్కు గలదు.

సగటు వేరు, మనిషి వేరు

2016లో పలు దేశముల పరిశోధకులు కలిసి 2,028 మంది రోగుల చిత్రములను, 2,540 మంది ఆరోగ్యవంతుల చిత్రములను పోల్చిరి. వారు చూచిన లోపలి భాగములలో అన్నిటికంటె స్పష్టమైన తేడా, జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపస్ పరిమాణములో కనబడినది. రోగులలో అది చిన్నది. ఎంత చిన్నది? క్రమ విచలనములో 0.46 వంతు.

ఈ అంకె అర్థమగుటకు తరగతిలోని విద్యార్థుల ఎత్తులతో పోల్చి చూడుడు. ఎత్తుల క్రమ విచలనము 6 సెంటీమీటర్లు అనుకొందము. రెండు తరగతుల సగటు ఎత్తుల మధ్య 0.46 వంతు తేడా యనగా మూడు సెంటీమీటర్లకు లోపే. ఆ రెండు తరగతుల గంటాకారపు వక్రరేఖలను ఒకదానిపై ఒకటి గీచినచో, వాటి వైశాల్యములో సుమారు 82 శాతము కలిసిపోవును. ఇప్పుడు ఒక విద్యార్థిని పిలిచి, ఎత్తును మాత్రమే కొలిచి, ఏ తరగతివాడో చెప్పుమన్నచో నూటికి 59 సార్లు సరిగా చెప్పగలము. నాణెము ఎగురవేసినను 50 సార్లు సరిపోవును గదా! వేలకొలది మందిని కొలిచి సంపాదించిన జ్ఞానము నిజమైనదే; కాని ఎదుట కూర్చున్న ఒక్క మనిషి విషయమున అది దాదాపు మూగది.

"ఒక కొలత చాలదు గనుకనే గదా అనేక కొలతలను జోడించుట" అని జోడు చిత్రణమును సమర్థించువారు చెప్పుదురు. ఈ వాదములో న్యాయము కలదు. కాని కొలతలు లక్షలు, రోగులు కొన్ని పదులు అయినప్పుడు గణనయంత్రము ఆ కొద్దిమంది గుర్తులను కంఠస్థము చేయును. ప్రశ్నపత్రమును ముందుగా చూచిన విద్యార్థికి నూటికి తొంబది మార్కులు వచ్చుట వింత కాదు. వేఱొక ఆసుపత్రిలో, వేఱొక యంత్రముపై, క్రొత్త రోగులకు అదే సూత్రమును వర్తింపజేసినప్పుడు ఎన్ని మార్కులు వచ్చునో అదియే నిజమైన పరీక్ష. ఆ పరీక్షలో మార్కులు తగ్గుట తరచుగా జరుగుచున్నది. ఏ చిత్రణ ఫలితమును చదివినను "ఎందరిపై? మరియొక చోట సరిచూచిరా?" అని పాఠకులు అడుగవలెను.

పోనీ, నూటికి 90 మంది రోగులను పట్టి, నూటికి 90 మంది ఆరోగ్యవంతులను విడిచిపెట్టు గొప్ప యంత్రము వచ్చినదనియే అనుకొందము. ఇది ఊహించిన లెక్క మాత్రమే. 1,000 మంది గల ఒక సమూహములో రోగులు సుమారు ముగ్గురు. యంత్రము వారిలో దాదాపు అందరిని పట్టును. కాని మిగిలిన 997 మందిలో పదవ వంతు, అనగా సుమారు 100 మంది, ఏ జబ్బు లేకయే పట్టుబడుదురు. ముగ్గురి కొఱకు నూర్గురిపై పిచ్చివారను ముద్ర పడును. ఆ ముద్ర మన సమాజములో చదువును, ఉద్యోగమును, పెండ్లిని ఎట్లు దెబ్బతీయునో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. అందఱిని యంత్రములో పెట్టి జల్లెడ పట్టుట శాస్త్రీయమను మాట ఈ చిన్న గుణకారము ముందు నిలువదు.

దోషములును జోడగును

రెండు యంత్రములను కలిపినప్పుడు వాటి గుణములు మాత్రమే కలియవు, దోషములును కలియును. అయస్కాంతములో ఇ.ఇ.జి. తీయునప్పుడు, ఎం.ఆర్.ఐ. మార్పుల వలన పుట్టు విద్యుత్సంకేతము మెదడు తరంగము కంటె వందల రెట్లు పెద్దది. గుండె కొట్టుకొనినప్పుడు కలుగు సూక్ష్మమైన కదలిక కూడ తరంగముగా కనబడును. వీటిని గణితముతో తీసివేయవలెను. తీసివేతలో మెదడు తరంగము కొంత పోవచ్చును. చెత్త కొంత మిగులవచ్చును. పైగా ఇఱుకైన గొట్టములో, పెద్ద మ్రోతలో, భయముతో పడుకొన్న రోగి ఆరోగ్యవంతుని కంటె ఎక్కువగా కదలుట సహజము. తల కొద్దిగా కదలినను, భాగముల మధ్య పొత్తు చెడినట్లు చిత్రములో కనబడవచ్చును. అప్పుడు మనము కొలిచినది వ్యాధినా, కదలికనా?

గణితములోని అజాగ్రత్త ఎంత దూరము పోవునో చూపుటకు 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు ఒక చచ్చిన సాల్మన్ చేపను ఎం.ఆర్.ఐ.లో పెట్టి, దానికి మనుష్యుల బొమ్మలను చూపిరి. వేల చుక్కలను విడివిడిగా పరీక్షించునప్పుడు చేయవలసిన సవరణను చేయక లెక్కించినచో, ఆ చచ్చిన చేప మెదడు కూడ "పని చేయుచున్నట్లు" తేలినది! సవరణ చేయగానే ఆ వెలుగు ఆరిపోయినది. 2016లో ఆండర్స్ ఎక్లండ్, ఆయన సహచరులు వాడుకలోనున్న గణిత పద్ధతులను పరీక్షించి, నూటికి 5 తప్పులు మాత్రమే రావలసిన చోట కొన్ని సందర్భములలో 70 వఱకు వచ్చుచున్నవని చూపిరి. ఈ దోషములను బయటపెట్టినవారు పరుల కారు. ఆ విద్యను అభ్యసించినవారే. ఇది విజ్ఞానమునకు గౌరవమే.

మరియొక చిక్కు కారణమునకు సంబంధించినది. దీర్ఘరోగులు ఏండ్ల తరబడి మందులు వాడియుందురు. వారిలో పొగ త్రాగువారును ఎక్కువ. 2005లో కోతులకు ఈ జాతి మందులను ఏడాదికి పైగా ఇచ్చి చూడగా వాటి మెదడు 8 నుండి 11 శాతము తగ్గినట్లు తేలినది. కావున రోగి మెదడులో కనబడు తగ్గుదలలో వ్యాధి పాలెంత, మందు పాలెంత అని వేరుచేయవలెను. ఇందుకు ఇంకను మందు మొదలిడని రోగులను పరీక్షించుట ఒక మార్గము. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ పరిశోధకులు ఇట్టి పరిశోధనలు చేసిరి. ఈ మాట చదివి ఎవరును మందులు మానరాదు. మందు మానుట వలన వ్యాధి తిరుగబెట్టు ప్రమాదము చాల ఎక్కువ.

కొలబద్ద ఎవరిది?

మెదడు చిన్నదైనదని చెప్పుటకు మామూలు మెదడు ఎంతయుండునో తెలియవలెను. 1988లో వెలువడి చాలకాలము ప్రమాణముగా నున్న తలైరాక్ పటము ఒక్క ఫ్రెంచి వృద్ధురాలి మెదడును బట్టి గీయబడినది. ఆ తరువాత కెనడాలోని మాంట్రియల్‌లో 152 మంది చిత్రములను కలిపి చేసిన పటము లోకమంతట వ్యాపించినది. మన దేశపు మెదడులను కూడ ఆ అచ్చులోనికే సాగదీసి పోల్చుచుండిరి.

ఈ కొఱతను తీర్చుటకు హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.లో జయంతి శివస్వామి గారు, తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థ వారితో కలిసి, 21 నుండి 30 ఏండ్ల వయస్సు గల నూర్గురు ఆరోగ్యవంతుల చిత్రములను బట్టి భారతీయ మెదడు పటమును నిర్మించి 2019లో ప్రకటించిరి. మన వారి మెదడు పరిమాణములో పాశ్చాత్యుల పటము కంటె, చీనా, కొరియా పటముల కంటె సగటున చిన్నదని అందులో తేలినది. పరిమాణములోని ఈ తేడాను బట్టి జాతుల తెలివిని కొలువరాదు. కాని పరాయి కొలబద్దతో కొలిచినచో మన ఊరి ఆరోగ్యవంతుని మెదడు కూడ "కుంచించుకొన్నట్లు" కనబడు ప్రమాదము కలదని దీనివలన స్పష్టమగుచున్నది. అదే ఊరి ఆరోగ్యవంతులతో పోల్చినచో ఈ దోషము చాలవఱకు తగ్గును. నూర్గురు చాలరు, వివిధ వయస్సుల వారి పటములు ఇంకను కావలెను. అయినను మన నగరమున జరిగిన ఈ పని రంగు రంగుల ప్రకటనల కంటె విలువైనది. కొలబద్దను సరిచేయుట కొలతకంటె ముందు జరుగవలసిన పని.

మన కర్తవ్యము

ఇంతకును తేలినదేమి? జోడు చిత్రణము మంచి పరిశోధన సాధనము. వ్యాధి ఎట్లు పుట్టును, మందు ఎట్లు పని చేయును అను ప్రశ్నలకు అది జవాబులు వెదకుచున్నది, కొన్నింటికి ఇచ్చినది. "ఈ పిల్లవానికి జబ్బు ఉన్నదా?" అను ప్రశ్నకు మాత్రము అది నేటికిని జవాబు చెప్పలేదు. వైద్యుడు తొలి దశలో తల చిత్రము తీయించుట కలదు. అది గడ్డలు, వాపులు వంటి ఇతర వ్యాధులు లేవని నిశ్చయించుకొనుటకే గాని, స్కిజోఫ్రేనియాను కనుగొనుటకు కాదు. రోగితో మాటలాడి, కుటుంబమును విచారించి, కొంతకాలము గమనించి నిర్ణయించు పాత పద్ధతియే నేటికిని ఆధారము.

మా సైనిక్‌పురిలో పాఠములు వినవచ్చు విద్యార్థులు కొందరు, "చిత్రము చూపలేని వ్యాధిని వ్యాధి యని ఎట్లు నమ్ముట?" అని అడుగుచుందురు. తలనొప్పి ఏ చిత్రములోను కనబడదు. అయినను తలనొప్పి లేదని ఎవరును అనరు. చిత్రము "మామూలుగా ఉన్నది" అని వచ్చినప్పుడు, "వీనికేమియు లేదు, నటించుచున్నాడు" అని తండ్రి గద్దించుటయు, "ఇది జబ్బు కాదు, గాలి సోకినది" అని మంత్రగాని యింటికి నడుచుటయు ఈ తప్పు నమ్మకము నుండియే పుట్టును. యంత్రముపై మితిమీరిన విశ్వాసము చివరకు వైద్యమునకే అడ్డు వచ్చును. చికిత్స ఆలస్యమైన కొలది ఫలితము తగ్గునని పరిశోధనలు చెప్పుచున్నవి.

కావున ఉపాధ్యాయులకు ఒక మనవి. బాగుగా చదువుచున్న పిల్లవాడు కారణము లేక వెనుకబడినను, స్నేహితులను విడిచి ఒంటరియైనను, లేని మాటలు వినబడుచున్నవని చెప్పినను పరిహసింపకుడు, దండింపకుడు. ఆ సూచనలకు వేఱు కారణములును ఉండవచ్చును. వ్యాధికి మీరే పేరు పెట్టకుడు. తలిదండ్రులతో మెల్లగా మాటలాడి మానసిక వైద్యుని చెంతకు పంపుడు. నగరమునకు పడమట ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల గలదు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో సలహా లభించును. యంత్రము పట్టలేని మార్పును, ప్రతిదినము ఆ పిల్లవాని ముఖము చూచు ఉపాధ్యాయుడు పట్టగలడు.